డ్రమ్ము దగ్గర నీడ

ఆమె అడిగినప్పుడు నేను లేదన్నాను. అది అబద్ధం. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు తెలియదు, మా అమ్మకు తెలియదు. పదో తరగతి నుంచి రోజూ డైరీ రాస్తున్నదాన్ని, ఆ రోజు పేజీలో కూడా ఆ మాట లేదు. "ఎండ ఎక్కువ. డ్రమ్ము." అని మాత్రం ఉంది.

నిన్న మా మిరపచేలో మొదటి కోత మొదలైంది. పొద్దున్నే ఆటో వచ్చి గట్టు దగ్గర ఆగింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు దిగారు. తలలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు, కొంగులు దోపుకున్నారు, తిన్నగా సాళ్ళలోకి దిగిపోయారు. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. ఏదో లోపం కనిపిస్తోంది గాని అదేమిటో కాసేపటిదాకా తట్టలేదు. వాళ్ళందరికంటే ముందు ఒక్కతే చేలోకి నడిచే మనిషి లేదు.

"మేస్త్రమ్మ రాలేదా?" అని అడిగాను.

వాళ్ళలో పెద్దామె కోస్తున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది. "ఆమె పోయి నెల కావొస్తోందమ్మా. మూడు రోజులు జొరం. రేపు పోతా ఆస్పత్రికి, రేపు పోతా అంటానే పోయింది. మీకు తెలీదా?"

తెలియదు. మా ఇంట్లో ఆమె మాట ఎత్తి, ఆమె ముఠా మా చేలోకి వచ్చి రెండేళ్ళు దాటింది.

ఆమెకూ ఒక పేరుండే ఉంటుంది. నేనెప్పుడూ అడగలేదు. పర్చూరు చుట్టుపక్కల రైతులందరికీ ఆమె మేస్త్రమ్మే. కూలీలను పోగుచేసి, ముఠా కట్టి, ఆటోలో తెచ్చి, సాయంత్రం ఇళ్ళకు చేర్చే మనిషి. నలభై దాటి ఉంటాయి. చేలో పనిచేసే ఆడవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ పాత చొక్కా వేసుకుంటారు. ఆమె మాత్రం ఎంత ఎండైనా మెడదాకా, మణికట్టుదాకా గుండీలు పెట్టుకునేది. చొక్కా జేబులో పాలిథిన్ కాగితంలో చుట్టిన బట్టల సబ్బు ముక్క ఉండేది. మధ్యాహ్నం అన్నం క్యారేజీలు విప్పే ముందు ఆ ముక్క అందరి చేతులూ తిరిగి రావాలి. ఎవరైనా వట్టి నీళ్ళతో కడుక్కుని కూర్చుంటే, ఆమె లేచివెళ్ళి ఆ క్యారేజీకి మూత పెట్టేసేది.

"కాయ మంట నాలిక్కి తెలుసుద్ది. మందు మంట తెలీదు. లెగు, కడుక్కో."

చేలోకి ఆమె నడక నాకు బాగా గుర్తు. ముఠాను గట్టు మీదే ఆపి, తానొక్కతే నాలుగైదు సాళ్ళు దాటి వెళ్ళేది. ఒక ఆకు తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసేది. తర్వాత అక్కడినుంచే అరిచేది.

"మందు ఎప్పుడు కొట్టారు బాబాయ్?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులా, నాలుగు గంటలా? ఆకు ఇంకా చెమట పట్టే ఉంది."

ఆడవాళ్ళు నవ్వేవారు. రైతు నవ్వేవాడు కాదు. ఆ రోజుకి పని లేనట్టే. తిరిగి ఆటో ఎక్కేటప్పుడు ఆ నవ్విన ఆడవాళ్ళు కూడా నవ్వేవారు కాదు. "దీని ముక్కుతో మా పొయ్యి ఆరిపోయింది" అని ఒకామె నా ఎదురుగానే అంది. మేస్త్రమ్మకు వినపడింది. "నా ముక్కు కోసి పొయ్యిలో పెట్టుకో, వెలుగుద్ది" అని పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.

ఇంత రచ్చ చేసినా రైతులు ఆమెనే పిలిచేవారు. కొమ్మ విరక్కుండా, పండు కాయల్లో పచ్చికాయ కలవకుండా కోసే ముఠా ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

గట్ల మీద ఖాళీ మందు డబ్బా కనిపిస్తే కొడవలితో దాని అడుగు కోసేసేది. మా అత్తయ్య గేదెలకు కుడితి పోయడానికి అలాంటి తెల్ల డబ్బా ఒకటి ఉంచుకుంది. బూడిదతో మూడుసార్లు తోమానంది. మేస్త్రమ్మ వినలేదు.

"నీ సొమ్మేం పోయిందే? బంగారంలాంటి డబ్బా" అంది మా అత్తయ్య.

"బంగారమైతే మెళ్ళో ఏసుకో వదినా. గేదెకి పెట్టబాక."

మా అత్తయ్య మధ్యాహ్నందాకా తిట్టింది. సాయంత్రం పాలు పితికి, టీ కాచి, ఆమెకే మొదటి గ్లాసు ఇచ్చింది. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా ఏ పొరపొచ్చమూ లేదు.

ఆమెకు ఒక కూతురు. అప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయేమో. రోజూ తల్లితో ఆటోలో వచ్చి వేపచెట్టు కింద గోనెపట్టా మీద కూర్చునేది. నడక మూడేళ్ళు దాటాక వచ్చిందట. పది మాటలకు మించి రావు. అప్పుడప్పుడు మూర్ఛ వస్తుంది. మేస్త్రమ్మ ఎంత దూరాన ఉన్నా ప్రతి సాలు చివరా నడుం ఎత్తి అటు చూసేది. ఆ పిల్ల గురించి ఎవరూ ఆమెను ఏమీ అడిగేవారు కాదు. ఆమె చెప్పేదీ కాదు.

అడగడం ఆమె పని. చేలోకి దిగేముందు ముఠానంతా నిలబెట్టి, రైతూ ఆటో డ్రైవరూ వింటూ ఉండగానే అడిగేది.

"ఎవరికన్నా నెల తప్పిందా? తప్పితే ఇప్పుడే చెప్పండి."

మా వైపు మూడో నెల నిండేదాకా కడుపు సంగతి గడప దాటనివ్వరు. దిష్టి తగులుతుందని భయం. ఈమె బజారులో వంకాయల ధర అడిగినట్టు అడిగేది. కొంగులు మొహాలకు అడ్డం వచ్చేవి. కొత్తగా చేరిన పిల్లలు నేల చూపులు చూసేవారు. "సిగ్గులేని మనిషి" అనేవారు. "సిగ్గుతో నాకేం పని, కడుపు మీది కదా" అనేది. ఎవరైనా తల ఊపితే ఆ మనిషి ఇక చేలోకి దిగనక్కర్లేదు. వేపచెట్టు కింద ఉయ్యాలల్లో పసిపిల్లల్ని చూసుకుంటూ కూర్చోవాలి. ఆమె సాళ్ళు మిగతావాళ్ళు పంచుకుని కొయ్యాలి. దానికి ఎదురు చెప్పడానికి లేదు.

మా ఊరి పద్ధతి వేరు. ఇక్కడా కడుపుతో ఉన్నదానికి బరువు పని చెప్పరు. నడుం వంచనివ్వరు. కాలవ గట్టున చెట్టు కింద నీలం డ్రమ్ము పెట్టి, అక్కడ కూర్చుని పురుగుమందు కలపమంటారు. నీడ ఉంటుంది, నీళ్ళు చేతికందుతాయి, ఎండలో తిరగనక్కర్లేదు. అది కడుపుతో ఉన్నవాళ్ళ మీద దయతో ఇచ్చే పని. మా అత్తయ్య అలాగే కూర్చుంది, ఆమె అత్తగారూ అలాగే కూర్చుంది.

నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాదే నాకు నెల తప్పింది. సంతోషం పట్టలేక అయిదో వారానికే అమ్మకు, అత్తయ్యకు, పక్కింటివాళ్ళకు చెప్పేశాను. ఎనిమిదో వారంలో పోయింది. "నోరు కట్టుకోలేకపోయావు" అని మా అత్తయ్య అంది. కోపంతో కాదు, ఏడుస్తూనే అంది. మరుసటి ఏడు కార్తీకంలో మళ్ళీ నెల తప్పింది. ఈసారి నోరు కట్టుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ ఏడు నల్ల తామర పురుగు పువ్వుల్లో దూరి పూతంతా రాల్చేసింది. రెండు మూడు రోజులకొకసారి మందు కొట్టేవారు. కూలీలు దొరక్క మా ఆయనే పంపు పట్టుకున్నాడు. డ్రమ్ము దగ్గర నేను. పొడి మందును ముందు చిన్న బకెట్లో కలిపి, ఉండలు చిదిమి, తర్వాత డ్రమ్ములో పొయ్యాలి. కర్రతో తిప్పితే ఉండలు పోవు. అందరూ చేతులే పెడతారు. నేనూ పెట్టాను.

ఆ రోజు మేస్త్రమ్మ ముఠా పక్క చేలో కలుపు తీస్తోంది. గాలి తమ మీదికే వస్తోందని మా ఆయనతో తగాదాకు గట్టు దాటి వచ్చింది. సగం మాటలో నన్ను చూసి ఆగిపోయింది.

"అమ్మాయ్, లెగు."

నేను లేవలేదు.

"పొద్దున్నుంచీ మూడుసార్లు గట్టు పక్కకి పోయొచ్చావు. క్యారేజీ విప్పలేదు. నీకు నెల తప్పిందా?"

ఆమె అడుగుతుండగానే మా ఆయన పంపు ఆపాడు. ఇంజను చప్పుడు ఆగిపోయేసరికి ఆమె మాట చివరి ముక్క చేనంతా వినపడింది. పక్క చేలో ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూస్తున్నారు. నా చెయ్యి మోచేతిదాకా బకెట్లోనే ఉంది. అవునంటే ఈసారీ పోతుందనిపించింది. అంతే, ఇంకేమీ ఆలోచించలేదు.

"లేదండీ. ఈ వాసన పడక."

ఆమె నా మొహంలోకి చూడలేదు. జేబులోంచి సబ్బు తీసి, నా ముందు గొంతుక్కూర్చుని, నా రెండు చేతులూ మోచేతులదాకా తోమి, కాలవ నీళ్ళు మూడుసార్లు పోసింది. చిన్నపిల్లకు కడిగినట్టు, గోళ్ళ సందుల్లో కూడా.

"మేస్త్రమ్మా, మా పని మమ్మల్ని చేసుకోనీ" అన్నాడు మా ఆయన. నలుగురి ముందూ భార్యను అలా అడిగినందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చేసుకో. నేనొద్దన్నానా? ఈ అమ్మాయి చేత చేయించబాక."

"లేదని చెప్పిందిగా."

ఆమె నా వైపు చూసింది. నేను నీళ్ళ వైపు చూశాను.

"అవును, చెప్పింది" అని సబ్బు తుడిచి, కాగితంలో చుట్టి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మా చేలో కలుపుకు రావలసిన ముఠాను మా ఆయన రావద్దన్నాడు. వారం తిరక్కుండా ఈ కథ టీ కొట్టుదాకా వెళ్ళింది. లేని కడుపు చూసి తగాదా పెట్టుకుందని నవ్వుకున్నారు. "మేస్త్రమ్మా, మా ట్రాక్టరు పొద్దున స్టార్టవడం లేదు, దానికీ నెల తప్పిందేమో చూడు" అని ఒకాయన రోడ్డు మీద అరిచాడట. తర్వాత కూడా ఆమె అడగడం మానలేదని విన్నాను. కానీ ఇదివరకు తలలు వంచుకునేవాళ్ళు ఇప్పుడు ముసిముసిగా నవ్వేవారట. అలా నవ్విన వాళ్ళలో నాలాంటిది ఎవరైనా ఉందో లేదో నాకు తెలియదు.

నేను మళ్ళీ డ్రమ్ము దగ్గరే కూర్చున్నాను. మందుల కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చే డైరీలోనే నేను రాసుకుంటాను. ఆ రెండు నెలల్లో "డ్రమ్ము" అన్న మాట ఏయే పేజీల్లో ఉందో ఇప్పటికి చాలాసార్లు వెతికి చూశాను. మూడో నెల నిండాక ఇంట్లో చెప్పాను. మా అత్తయ్య నా తల నిమిరి, "ఇక నడుం వంచబాక తల్లీ. నీడలో కూర్చుని మందు కలుపు, చాలు" అంది. వద్దని అనవచ్చు. కానీ ఎందుకు వద్దో చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చున్నావని అడుగుతారు. చేతులకు పాలిథిన్ సంచులు కట్టుకుని ఆ పంట అయ్యేదాకా కలిపాను.

ఆషాఢంలో పాప పుట్టింది. అందరూ సంతోషించారు. నెలలు వెనక్కి లెక్కపెట్టినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు.

ఆరో నెలకు పాప బోర్లా పడలేదు. "మన వంశంలో అంతా నిదానమే" అంది మా అత్తయ్య. తొమ్మిదో నెలకు కూర్చోబెడితే పక్కకు వాలిపోయేది. నేను రోజూ మధ్యాహ్నం తలుపు వేసి, వెనకనుంచి పేరు పెట్టి పిలిచేదాన్ని. తిరిగితే డైరీలో ఒక గీత. చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. పదహారు నెలలు నిండాక కూడా నిలబెడితే కాళ్ళు ఆనించలేదు. అప్పుడు మా ఆయనే అన్నాడు, గుంటూరు తీసుకెళదామని.

పిల్లల ఎదుగుదల చూసే ఆసుపత్రి అది. వరండాలో ఇనప బల్లల మీద తల్లులు, ఒళ్ళో పిల్లలు. మా ఆయన చీటీ రాయించడానికి వెళ్ళాడు. పక్క బల్ల మీదినుంచి గొంతు వినపడింది. ఆసుపత్రిలో కూడా ఆమెకు చిన్నగా మాట్లాడడం చేతకాదు.

"పుస్తకాలమ్మాయ్, నువ్వా?"

నా అన్నం బుట్టలో ఒకసారి పుస్తకం చూసినప్పటినుంచీ నన్ను అలాగే పిలిచేది. కూతురికి మూర్ఛ మాత్రలకోసం వచ్చిందట. ఆ పిల్ల తల్లికంటే పొడుగైంది. తల్లి చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం అంతసేపూ ఆ గుప్పిట విప్పలేదు.

ఆమె మా పాపను అడక్కుండానే ఒళ్ళోకి తీసుకుంది. చెవి వెనక గాజులు ఆడించింది. తన చూపుడువేలు అరచేతిలో పెట్టి, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసింది. కాళ్ళు తొడమీద ఆనించి చూసింది.

"ఎన్నో నెల?"

"పదహారు నిండాయి."

ఆమె బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నేను ఆ వేలినే చూస్తున్నాను. ఆషాఢం దగ్గర ఒక క్షణం ఆగింది, మళ్ళీ వెనక్కి కదిలింది. కార్తీకం పడే కణుపు మీద ఆగిపోయింది. ఆమె ఏమైనా అంటుందని చూశాను. నన్ను తిట్టవచ్చు, ఊరంతా నవ్విన నవ్వుకు లెక్క అడగవచ్చు. ఆమె గుప్పిట మూసుకుని, పాప గౌను సర్దింది.

"నన్ను కూడా నీడలోనే కూర్చోబెట్టారమ్మాయ్. మహారాణిలా. మా అత్త మంచిది. అందరూ ఎండలో కలుపు తీస్తుంటే నాకు చెట్టుకింద డ్రమ్ము. ఏడో నెలదాకా కలిపా. ఎంత బాగా చూసుకుంటన్నారో అనుకున్నా."

"దానివల్లేనా?" అన్నాను.

"ఎవరికి తెలుసు? మాది మేనరికం, అందుకన్నారు ఒకరు. పుట్టగానే ఏడవలేదు, అందుకన్నారు ఇంకొకరు. జొరమొచ్చిందా, పడ్డావా, కామెర్లా, అన్నీ అడిగారు. మందు ముట్టావా అని ఒక్కళ్ళూ అడగలా. నాకేమో చెప్పాలని తెలీలా. చెబితే నా బిడ్డకేమన్నా మారేదా? మారదేమో. కానీ ఒకళ్ళు చెబితే, రెండోదాన్ని అడుగుతారు గదా."

అప్పుడే లోపలినుంచి మా పాప పేరు పిలిచారు. మా ఆయన చీటీలతో వస్తున్నాడు.

మందువల్లే అయిందని నేనూ అనలేను. మా అత్తయ్య డ్రమ్ము దగ్గర కూర్చుని మోసిన మా ఆయన శుభ్రంగా ఉన్నాడు. అలా కూర్చున్న వాళ్ళందరి పిల్లలూ ఇలా లేరు. కానీ బిడ్డ మెదడు, వెన్ను మొదటి నెలల్లోనే ఏర్పడతాయని చదివాను. పురుగు నరాలను పట్టే మందు మనిషి నరాలను వదిలిపెడుతుందన్న నమ్మకం లేదనీ చదివాను. చదివి ఫోను పక్కన పెట్టేశాను. మా ఆయన చెడ్డవాడు కాదు. "ఇవాళ కూడా నువ్వే కలుపు" అని చెప్పిన నోరు ఆయనది. ఇది తెలిస్తే బతికినంత కాలం ఆ మాట ఆయన చెవిలో ఉంటుంది.

ఆ రోజు డాక్టరమ్మ గదిలో నేనూ పాపే ఉన్నాం. ఆమె నెమ్మదైన మనిషి. మేనరికమా, కాన్పు కష్టమైందా, పుట్టగానే ఏడ్చిందా, మాత్రలేమైనా వాడారా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. చివర్లో కలం పక్కన పెట్టి, "ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అంది. తలుపు అవతలినుంచి మేస్త్రమ్మ గొంతు వినపడుతూనే ఉంది. తామర పురుగు గురించి, పూత గురించి ఏదో అడుగుతోంది, మా ఆయన జవాబు చెబుతున్నాడు. పది నిమిషాలు ఆ గొంతు ఆగలేదు. నేను లేదన్నాను.

బయటికి వచ్చేసరికి వాళ్ళు బస్సుకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండుసార్లు గుంటూరు వెళ్ళాం. పాప కాళ్ళకు వ్యాయామం నేర్పారు. పట్టుకుంటే ఇప్పుడు కాసేపు నిలబడుతోంది, పిలిస్తే ఎక్కువసార్లు తిరుగుతోంది. రెండుసార్లూ మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్ళాలి. నిన్న ఆ పద్నాలుగు మందిలో ఒక పడుచుపిల్ల పొద్దున్నుంచీ రెండుసార్లు గట్టు పక్కకి వెళ్ళొచ్చింది. నేను చూశాను. అడగలేదు. రాత్రి కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

గుంటూరులో ఆ మొదటి రోజు, డాక్టరమ్మ గది తలుపు దగ్గరికి వెళుతున్నప్పుడు మేస్త్రమ్మ లేచి వచ్చి, పాపను నా భుజం మీద సరిగ్గా వేసింది. మా ఆయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె ఎన్నడూ లేనిది గొంతు తగ్గించింది. అంత చిన్నగా ఆమె మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

"నిన్నూ అడగరు. అడక్కపోయినా చెప్పు. మీ ఆయన్ని నేను మాటల్లో పెడతా, నువ్వు పో."